తాగేది నేనే, వదినా

జేకేపూర్,
16 డిసెంబరు 2024, సోమవారం

రోజారమణి వదినకు,
జయంతి నమస్కారాలు.

పెళ్ళయిన ఇరవై ఏడేళ్ళలో నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఇన్నాళ్ళూ ఫోను ఉండేది. నీకు చెవులు వినిపించడం మానేసిన దగ్గర్నుంచి నీ ఫోను లిప్సా చేతిలో ఉంటోంది. మెసేజీ పెట్టి, పదిహేనేళ్ళ మనవరాలి కంట పడనిచ్చే సంగతి కాదిది. పోనీ జయపురం వచ్చి ఎదురుగా చెబుదామంటే, నీ ముఖం చూడగానే ఇంకేదో మాట్లాడి, నువ్విచ్చిన ఊరగాయ సీసా పట్టుకుని తిరిగొచ్చేస్తాను. నన్ను నేను ఎరుగుదును. అందుకే కలం పట్టుకున్నాను.

నేను తాగుతున్నాను వదినా. ఇప్పసారా. రెండేళ్ళ పైనే అయింది.

ఈ మాట రాసి, లేచి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చాను. ఇంక మిగతాది రాయగలను.

గర్భసంచి తీసేశాక నాకు మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి, నీకు తెలుసు. కొండ నుంచి కూరలు తెచ్చి అమ్మే ముసలామె ఒక సీసా ఇచ్చి రాసుకోమంది. "ఒక గుక్క లోపలికీ పోనీ అమ్మి, అక్కడా నొప్పి ఉంటాది" అంది. ఆ ముసలామెను తప్పు పట్టను. ఆమె ఒక గుక్కే అంది. పిల్ల శాంతిప్రియ ఉద్యోగానికి భువనేశ్వరం వెళ్ళిపోయింది. మీ తమ్ముడు మిల్లు షిఫ్టుకి వెళితే మధ్యాహ్నం రెండు నుంచి ఇంట్లో నేనూ, గోడ గడియారమూ. మొదట మోకాళ్ళకి, తర్వాత నిద్రకి. తర్వాత కారణం అక్కరలేకపోయింది.

ఎక్కడ దాస్తానో కూడా చెప్పాలి. దేవుడి గూట్లో. నా మడికి భయపడి ఆ గూడు ఇంట్లో ఎవరూ ముట్టరు. నువ్వుల నూనె సీసా పక్కన ఇంకో సీసా ఉందని ఎవరికి తెలుస్తుంది? నేను తెరవగానే అమ్మవారు ఎదురుగా ఉంటుంది. దండం పెట్టుకునే తీస్తాను.

కిందటేడు భవానీ మాల వేసుకున్నాను కదా. అందరూ నా భక్తిని మెచ్చుకున్నారు. అది భక్తి కాదు, మానడానికి అదొక్కటే దారి అనుకున్నాను. నలభై ఒక్క రోజులు నిజంగానే ముట్టలేదు. మాల తీసిన సాయంత్రం స్నానం చేసి, బట్టలు మార్చుకుని, తిన్నగా గూడు దగ్గరికే వెళ్ళాను.

మొన్న పన్నెండో తారీఖు మార్గశిర గురువారం. బియ్యప్పిండితో అమ్మవారి పాదాలు వేశాను. తెల్లారాక పక్క క్వార్టరు పండాగారి భార్య వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. "ఇదేటి జయంతమ్మా, ఠాకురాణి ఇంట్లోంచి బయటికెళ్ళిపోతంది?" అంది. చూస్తే పాదాలన్నీ దేవుడి గది నుంచి వీధిలోకి వేసి ఉన్నాయి. ఇరవై ఏడేళ్ళుగా వేస్తున్న చేతులివి. ఆవిడ నవ్వేసి వెళ్ళిపోయింది. నేను తడిగుడ్డతో తుడుస్తూ కూర్చున్నాను.

రాయగడ ఆసుపత్రిలో బీపీ చూపించుకోవడానికి వెళితే నడవా గోడకి ఒడియాలో ఒక కాగితం అంటించి ఉంది. మద్యం మానాలనుకునేవాళ్ళు ఆదివారాలు పదకొండింటికి కోరాపుట్‌లో కలుస్తారట. పేరు చెప్పనక్కర్లేదట. అటూ ఇటూ చూసి ఆ నంబరు చింపుకున్నాను. ఫోను చేస్తే పెద్దాయన ఎవరో ఎత్తి, "ఎవరి కోసం, మా?" అన్నాడు, ఒడియావాళ్ళు అమ్మా అనే తీరున. "మా ఇంట్లో మనిషి కోసం" అన్నాను. అబద్ధం కాదు కదా అని తర్వాత సర్దిచెప్పుకున్నాను.

నీకు జయపురం నుంచి కోరాపుట్ గంట దారి. మొదటి రోజు నా పక్కన కూర్చుంటావా వదినా? నీకు ఏమీ వినిపించకపోయినా పర్వాలేదు. మీ తమ్ముడికి ఇంకా చెప్పలేదు. ఆయనకు చెప్పే ముందు ఒక్కరికైనా చెప్పి చూసుకోవాలి. ఆ ఒక్కరూ నువ్వు.

నీ మరదలు
జయంతి

*

జయపురం,
23 డిసెంబరు 2024

జయంతికి వదిన దీవెనలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి కోపం వచ్చింది. మూడోసారి చదివి, వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. బయటికొచ్చాక కోడలు నా కళ్ళు చూపించి, ఉల్లిపాయలేటని సైగ చేసింది. ఔనన్నాను.

నిన్ను నేను ఎరగనా? మా అమ్మాయి పెళ్ళిలో పులిహోర మాడితే, వంటవాడికి తిట్లు పడతాయని "మంట నేనే పెంచేశానండీ" అని పెద్దల ముందు నిలబడినదానివి. ఆ వేళ నువ్వు వంటింటి ఛాయలకైనా పోలేదని నాకు తెలుసు. ఇప్పుడు నీ మొగుడి పాపం నెత్తికెత్తుకుంటున్నావు. కార్తీకమంతా ఉల్లి ముట్టనిదానివి, నువ్వు సారా తాగుతావా? అదీ అమ్మవారి ఎదుట? కథ అల్లితే నమ్మేలాగైనా అల్లాలమ్మి.

కిందటి దసరాకి తమ్ముడు ఈశ్వరప్రసాద్ వచ్చినప్పుడు వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. షిఫ్టు అన్నాడు. భోజనం దగ్గర పరధ్యానంగా ఉన్నాడు. నేను రెండుసార్లు పిలిస్తేగానీ తలెత్తలేదు. ఇప్పుడు అన్నీ అర్థమవుతున్నాయి.

మా అయ్య గున్నయ్య సంగతి నీకు పెళ్ళప్పుడు ఎవరూ చెప్పలేదు. జ్వరంతో పోయాడని చెప్పాం. గుణుపురం దగ్గర మా పొలంలో, మోకాలి లోతు నీళ్ళలో బోర్లా పడి పోయాడు. మోకాలి లోతు నీళ్ళలో ఎవరైనా మునుగుతారా? తాగినవాడు మునుగుతాడు. ఆ వేళ చితి దగ్గర తమ్ముడి చేత ఒట్టు వేయించాను, చుక్క ముట్టనని. వాడికి పద్నాలుగేళ్ళు. అప్పట్నుంచి వాడి నోటి వాసన చూడకుండా ఒక్క పండుగ గడపలేదు నేను. పళ్ళు తోముకున్నావా అని అడిగే నెపంతో. నలభై ఏళ్ళు వాడు నా మాట నిలబెట్టాడనుకున్నాను.

చెవి మిషను కొన్నారు. అందులో ఈలలు తప్ప మాటలు రావడం లేదు. డబ్బాలో పెట్టేశాను.

ఆ మీటింగుకి వాణ్ణి తీసుకెళ్ళు. నువ్వు వెళ్ళి కూర్చుంటే ఏమొస్తుంది? నీ ఉత్తరం బియ్యం డబ్బాలో దాచాను. ఎవరికీ చూపించను. వాడికి కూడా.

రోజారమణి

*

జేకేపూర్,
6 జనవరి 2025

వదినకు జయంతి రాసేది.

నువ్వు నమ్మలేదని కోపం లేదు. నేనైనా నమ్మను. కానీ నువ్వు నమ్మకపోతే నేను ఇంకెవరి దగ్గరికి వెళ్ళాలో తెలియడం లేదు. మామగారి సంగతి చదివాను. ఇంట్లో మళ్ళీ అదే తెచ్చిపెట్టాను కదా అనిపించింది. తెచ్చింది మాత్రం మీ తమ్ముడు కాదు. ఆయన నీకిచ్చిన మాట తప్పలేదు. ఇంకెలా చెప్పను?

ఒక్కదాన్నే వెళ్ళాను. కోరాపుట్ జగన్నాథుణ్ణి చూసొస్తానని చెప్పి తెల్లవారుజాము బస్సెక్కాను. ఆయన బస్టాండు దాకా వచ్చి, కిటికీ సీటు చూసి కూర్చోబెట్టి, "నాకోసం కూడా ఓ దండం పెట్టీ" అన్నారు. దేవుడి పేరు చెప్పి అబద్ధమాడడం నాకిప్పుడు అలవాటైపోయింది.

మొదటి ఆదివారం ఆ చోటు దొరకలేదు. మూతపడ్డ టైపు ఇన్‌స్టిట్యూట్ గది అని ఫోనులో చెప్పారు. ఎవరినైనా అడగాలంటే నోరు రాదు. ఎక్కడికి అని అడిగితే ఏమని చెబుతాను? మందుల దుకాణం దగ్గర నిలబడి, "ఇక్కడ టైపు నేర్పేవాళ్ళెక్కడ బాబూ?" అన్నాను. ఆ దుకాణం అతను నన్ను పైనుంచి కిందికి చూసి, "ఈ వయసులో టైపు ఏటికి మాఁ, ఇప్పుడంతా కంప్యూటరే" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. అటు నుంచి అటే జగన్నాథుడి గుడి మెట్లెక్కి, మీ తమ్ముడికి చెప్పిన అబద్ధాన్ని నిజం చేసి, ఇంటికొచ్చేశాను.

నిన్న దొరికింది. గుమ్మం ముందు చెప్పులు చూసి పోల్చుకున్నాను. అన్నీ మగవాళ్ళవి. ఒక జత మాత్రం ఆడవాళ్ళవి. ఆ ఒక్క జతను చూసి లోపలికి వెళ్ళగలిగాను.

లక్ష్మణుడని ఒక పెద్దాయన నడుపుతారు. పూర్వం కాంపౌండరుగా చేశారట, తాగడం మానేసి పందొమ్మిదేళ్ళట. నేను గుమ్మంలో నిలబడగానే లేచి, "రండి మా. మీ ఆయన రాలేదా?" అన్నారు. నేను నోరు తెరిచే లోపే గోడ వారగా ఉన్న బెంచీ చూపించారు. అది భార్యల బెంచీ. అక్కడ కూర్చున్నాను. మధ్యలో గుండ్రంగా కుర్చీలు, వాటిలో తొమ్మిదిమంది మగవాళ్ళు. ఒక కుర్చీ ఖాళీగా ఉంది. నాకూ దానికీ మధ్య నాలుగడుగుల దూరం. నీకెలా చెప్పను వదినా, లంక దూరం.

ఆ ఆడ చెప్పుల మనిషి కస్తూరి. మన శ్రీకాకుళం వైపు పిల్లే. మొగుడు డొరగుడలో మేస్త్రీ పని చేస్తాడట. నన్ను చూసి ప్రాణం లేచొచ్చినట్టు జరిగి చోటిచ్చింది. "నీ మొగుడేడక్కా? మా ఓణ్ణయితే సెవి పట్టుకు తెచ్చేను. బస్సులో కండక్టరు టికెట్లు రెండా ఒకటా అని అడిగితే, ఒకటిన్నర, ఈడింకా సిన్నపిల్లోడే అన్నాను" అంది. అవతల కుర్చీలోంచి ఆమె భర్త సిగ్గుపడుతూ చూశాడు. చాలా రోజుల తర్వాత నవ్వాను.

ఒక్కొక్కరూ లేచి తమ సంగతి చెప్పుకున్నారు. ఒడియా, కొండవాళ్ళ దేశియా, హిందీ, అన్నీ కలిపి. ఒకతను పెళ్ళాం తాళిబొట్టు గురించి చెప్పాడు. ఒకతను బడి మాష్టారు, పాఠం చెబుతూ పడిపోయాడట. వాళ్ళు చెప్పేదంతా నా సంగతే. కానీ వాళ్ళకి చెప్పుకోవడానికి ఆ కుర్చీ ఉంది. టీ ఇచ్చారు. నా చేతిలో గ్లాసు వణికి చీర మీద ఒలికింది. కస్తూరి గ్లాసు పట్టుకుని, "సలేస్తందా అక్కా?" అంది. ఔనన్నాను.

చివరికి లక్ష్మణుడు బాబు నా వైపు తిరిగి, "ఓపిక పట్టండి మా. మీలాంటి ఇల్లాలుంటే ఆయన తప్పక మారతాడు" అన్నారు. అందరూ నా వైపు జాలిగా చూశారు. నేను తల వంచుకున్నాను. అంటే ఏమిటన్నమాట? అంతమంది ముందు మీ తమ్ముణ్ణి తాగుబోతు చేసి వచ్చాను. నోటితో చెప్పకపోయినా చేసి వచ్చాను.

వచ్చే ఆదివారమైనా రా వదినా. నువ్వు నమ్మితే నేను ఆ నాలుగడుగులూ వేయగలను.

జయంతి

*

జయపురం,
20 జనవరి 2025

జయంతీ,

దీవెనలు తర్వాత. ముందు సంగతి రాస్తాను.

మొన్న శనివారం ఈశ్వరప్రసాద్ ఏదో పని మీద జయపురం వచ్చి మా ఇంటికి వచ్చాడు. నాకు వాడి మాట వినిపించదు కదా, వాడి చేత గట్టిగా అరిపిస్తే వీధి వీధంతా వింటుంది. అందుకని లిప్సా నోటు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, "నువ్వు తాగుతున్నావా? అయ్య మీద ఆన, నిజం రాయి" అని రాసి చేతికిచ్చాను. నీ ఉత్తరం మాట ఎత్తలేదు. "జయంతి నీకోసం కోరాపుట్‌లో మానిపించే మీటింగు కనిపెట్టింది, ప్రతి ఆదివారం వెళుతోంది, దేవుడి దగ్గరికి కాదు" అని మాత్రం కింద రాశాను.

వాడు చదివాడు. చాలాసేపు చదివాడు, రెండు వరుసలకి అంతసేపెందుకో. తర్వాత నా కలం అడిగి తీసుకుని కింద రాశాడు. ఆ కాగితం ఇందులో పెడుతున్నాను. వాడి చేతిరాత నీకు తెలుసు కదా.

"ఔను అక్కా. తాగుతున్నాను. మానేస్తాను."

చూశావా? ఇంకా నువ్వే తాగుతున్నానంటావా? నీ మంచితనానికి హద్దుండాలి. వాణ్ణి వెనకేసుకొచ్చి వచ్చి ఇంతదాకా తెచ్చావు.

నేను వాణ్ణి భోజనం చేయమనలేదు జయంతీ. అరవై రెండేళ్ళ వయసులో, ఇంటికొచ్చిన తమ్ముణ్ణి ఆకలితో పంపేశాను. వాడు వీధి మలుపు తిరిగే దాకా కిటికీలోంచి చూశాను. అయ్య నడకే.

మీటింగుకి వెళతానని ఒట్టు వేశాడు. ఈసారి నీ మీద వేయమన్నాను, నా మీద వేసినది నిలవలేదు కనక.

రోజారమణి

*

జేకేపూర్,
24 జనవరి 2025

వదినా,

ఎంత పని చేశావు! కాదు, నేనెంత పని చేశాను!

ఆ కాగితం చూసి ఆయన దగ్గరికి వెళ్ళాను. బూట్లకి పాలిష్ పెట్టుకుంటున్నారు. "మీరు తాగరు కదా, అలా ఎందుకు రాశారు?" అన్నాను. తల ఎత్తకుండా, "అక్క అడిగింది, రాసేను" అన్నారు. "ఎందుకు?" అన్నాను. అప్పుడు తలెత్తి, "మరి నువ్వు తాగుతావేటి?" అన్నారు.

ఎంత మెత్తగా అడిగారంటే వదినా, ఔనని ఒక్క మాట అంటే చాలు. నీకు రెండు ఉత్తరాలు రాసిన చేతులివి. నోరు మాత్రం రాలేదు. ఆయన మళ్ళీ బూటు అందుకుని, "వచ్చే వారం ఆదివారం డ్యూటీ లేదు. ఇద్దరం ఎళ్దాం" అన్నారు.

ఆయన డ్యూటీకి వెళ్ళగానే గూడు తెరిచాను. ఎందుకు తెరిచానో రాయనక్కర్లేదు.

నువ్వు ఆయనకు అన్నం పెట్టకుండా పంపావని చదివినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. ఆయన తాగరు. నీకు దండం పెడతాను, ఆయనకు ఒక్క ముక్క రాయి.

జయంతి

*

జేకేపూర్,
3 ఫిబ్రవరి 2025

వదినకు,

నువ్వు జవాబు రాయలేదు. అయినా ఇది రాయకుండా ఉండలేను.

నిన్న ఇద్దరం వెళ్ళాం. లక్ష్మీపురంలో బస్సు ఆగినప్పుడు ఆయన వేరుశనగలు కొని వలిచి నా చేతిలో పోశారు. ఆ గది గుమ్మం దగ్గర లక్ష్మణుడు బాబు ఆయన్ని చూసి రెండు చేతులూ పట్టుకుని, "వచ్చేరు, చాలు. కష్టమంతా ఈ గుమ్మం దాటడమే" అని తీసుకెళ్ళి ఆ ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టారు. నా కుర్చీ వదినా. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టారు. కస్తూరి నా తొడ మీద చరిచి, "నీ పంట పండిందక్కా. ఎంత బుద్ధిమంతుడిలా ఉన్నాడు, ఈయన తాగుతాడంటే పోలీసులు కూడా నమ్మరు" అంది.

ఆయన వంతు వచ్చింది. లేచి నిలబడ్డారు. నీ తమ్ముడు పదిమందిలో మాట్లాడడం నువ్వెప్పుడైనా చూశావా? చేతులు కట్టుకుని, చిన్నపిల్లాడు పద్యం అప్పజెప్పినట్టు నిలబడ్డారు. మొదట ఒడియాలో మొదలుపెట్టి, తడబడి, మన మాటల్లోకి వచ్చేశారు. ఆయన చెప్పినవి ఉన్నవి ఉన్నట్టు రాస్తాను.

"నాను పగలు తాగుతాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు. ఓసారి పొయ్యి మీద నూనె మూకుడు పెట్టీసి పడుకుండిపోనాను. పొగ సూసి ఇంట్లో వాళ్ళొచ్చి ఆపేరు. నాకది తెలీదు. ఓసారి దీపంలో నూనెనుకుని సారా పోసీసినాను. గుప్పుమన్నాది. దేవుడి గది తెర అంటుకున్నాది. ఇంట్లో వాళ్ళు బిందెడు నీళ్ళోసి ఆర్పేరు. మర్నాడు తెరేదని అడిగితే ఎలక కొరికిందని సెప్పేరు. నాను నమ్మీసినాను."

ఆ తెర నాకు గుర్తుంది వదినా. ఎలుక కొరికితే పారేశానని ఆయనే చెప్పారు. నేను ఎలుకబోను కూడా కొన్నాను. రెండు నెలలు దాంట్లో కొబ్బరి ముక్క పెట్టాను. ఒక్క ఎలుకా పడలేదు.

నేను చేసినవి, నాకే తెలియనివి, ఒకటొకటిగా ఆయన తనవిగా చెప్పుకుంటున్నారు. "కూతురు ఫోను సేస్తే ఏదేదో మాటాడీసినాను. పిల్ల ఏడ్సింది. మర్నాడు నాకు గుర్తు లేదు. ఇంట్లో వాళ్ళు పిల్లకి ఏదో సర్దిసెప్పేరు. సాయంత్రం టీ యేళ ఇంటికొచ్చి పొయ్యి ఆరి ఉందో లేదో సూసుకెళ్తారు. నాను పడుకుని ఉంటాను. దుప్పటి కప్పి ఎల్లిపోతారు."

దసరాకి ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయని నువ్వు రాశావు కదా. ఇదీ సంగతి. షిఫ్టు దిగి పడుకోవలసిన మనిషి నన్ను కాపలా కాస్తున్నాడు. అన్నీ తెలుసు. గూడు సంగతీ తెలుసు. ఒక్క మాట అనలేదు. అంటే నేనేమైపోతానో అని భయపడ్డారట. అది తర్వాత బస్సులో చెప్పారు. నేను ఒంటరిదాన్ననుకుంటూ తాగినన్నాళ్ళూ ఆయన పక్కనే నిలబడి ఉన్నారు, ఒంటరిగా.

లక్ష్మణుడు బాబు, "మీరు ధైర్యంగా చెప్పేరు. ఇంట్లో వాళ్ళు, అంటే మీ ఆవిడ, ఎంత ఓర్పు..." అంటూ నా వైపు చెయ్యి చూపించారు. అందరూ నాకు చప్పట్లు కొట్టబోయారు.

లేచాను. ఎలా లేచానో తెలియదు. ఆ నాలుగడుగులూ వేశాను. "ఆయన చుక్క కూడా ముట్టరు. అవన్నీ చేసింది నేను. తాగేది నేను" అన్నాను. ఏ భాషలో అన్నానో గుర్తు లేదు.

ఎవరో నవ్వారు, నేను వేళాకోళం ఆడుతున్నాననుకుని. లక్ష్మణుడు బాబు ఆయన ముఖం చూశారు. ఆయన తల దించుకున్నారు. అది చూసి నమ్మారు. నా మాట కాదు, ఆయన తల దించుకోవడం.

ఆయన కుర్చీలోంచి లేచారు. నేను కూర్చున్నాను. అప్పటికి ఆ కుర్చీ వెచ్చగా ఉంది. ఆయన వెళ్ళి కస్తూరి పక్కన బెంచీ మీద కూర్చున్నారు. పాపం, ఆ పిల్ల కంగారుపడి బెంచీ చివరికి జరిగిపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చాక సీసా ఆయన పారబోయలేదు, నేనూ పారబోయలేదు. ఇద్దరం గూడు ముందు నిలబడ్డాం. "నువ్వే తియ్యి. నీ మడి నాకు భయం" అన్నారు. నేనే తీసి పెరట్లో ఒంపాను.

ఆయనకు అన్నం పెట్టు వదినా.

జయంతి

*

జయపురం,
11 ఫిబ్రవరి 2025

జయంతికి,

ఇది నాలుగో కాగితం. మూడు చించేశాను.

నా తమ్ముడి చేత నేను అబద్ధం రాయించాను. అయ్య మీద ఆన పెట్టి మరీ రాయించాను. నువ్వు నిజం రాస్తే కథ అన్నాను. వాడు అబద్ధం రాస్తే అచ్చం వాడి దస్తూరీయే కదా అని మురిసినంత పని చేశాను. చెవులే పోయాయనుకున్నాను.

నీ మీద కోపం లేదంటే అబద్ధం. ఉంది. నిన్ను మా ఇంటి దీపమని ఊరందరికీ చెప్పుకున్నాను. ఎవరికి చెప్పుకున్నానో వాళ్ళ ముఖాలన్నీ ఇప్పుడు గుర్తొస్తున్నాయి. నాకు కొన్నాళ్ళు పడుతుంది. నా దగ్గర్నుంచి తియ్యటి మాటలు ఇప్పుడే ఆశించకు.

ఈశ్వరప్రసాద్‌కి వేరే రాశాను. ఆదివారం వాడు కోరాపుట్ వస్తే, నేను కేరేజీ కట్టుకుని వస్తాను. వంకాయ, ఎండు రొయ్యలు. వాడికి. నీకు కూడా ఏదో తెస్తాను. నీ పక్కన కూర్చోమంటే కూర్చుంటాను.

రోజారమణి

*

జేకేపూర్,
24 మార్చి 2025

వదినకు జయంతి నమస్కారాలు.

నువ్వు రెండు ఆదివారాలు వచ్చావు. అక్కాతమ్ముళ్ళిద్దరూ ఆ ఇన్‌స్టిట్యూట్ అరుగు మీద కూర్చుని, మాటలు లేకుండా ఒకే గిన్నెలో తినడం కిటికీలోంచి చూశాను. నాతో నువ్వు ఎక్కువ మాట్లాడలేదు. నా చేతిలో అరటిపండు పెట్టి, ముఖం పక్కకి తిప్పుకున్నావు. అది చాలు ప్రస్తుతానికి.

నా పక్కన కూర్చోమని నిన్ను అంతగా అడిగాను కదా, ఇప్పుడు వద్దంటున్నందుకు ఏమీ అనుకోకు. ఆ గుండ్రంలో తాగేవాళ్ళు మాత్రమే కూర్చోవాలట, మిగతావాళ్ళు బెంచీ వరకే. ఆ నియమం మంచిదే. ఆయనా బయటే ఉంటున్నారు. లోపలికి నేనొక్కదాన్నే వెళ్ళాలి. తొమ్మిదిమంది మగవాళ్ళు, నేను. వాళ్ళు కూడా నాతో ఏం మాట్లాడాలో తెలియక, నేను లోపలికి రాగానే బీడీలు ఆర్పేసి సర్దుకుని కూర్చుంటారు. ఇంకో ఆడమనిషి ఎవరైనా వస్తుందేమోనని ప్రతి వారం గుమ్మం వైపు చూస్తాను. ఎవరూ రాలేదు. ఉండరని కాదు. నాలాగే ఎవరి గూట్లో వాళ్ళు ఉంటారు.

నీకు తెలియనిది ఒకటి చెప్పాలి. ఫిబ్రవరి పద్దెనిమిదిన మళ్ళీ తాగాను. కూరల ముసలామె వచ్చింది. సీసా ఆమె ఇవ్వలేదు, నేనే అడిగాను. ఆయనకు ఆ సాయంత్రమే చెప్పాను. చెప్పడం వచ్చింది, అదొక్కటే కొత్త. ఇవాళ్టికి ముప్పై నాలుగు రోజులు. మధ్యాహ్నం రెండు అయితే ఇప్పటికీ గడియారం వైపు చూడను. వీధి తలుపు తీసుకుని గుమ్మంలో కూర్చుని విష్ణు సహస్రనామం చదువుకుంటాను. దారిన పోయేవాళ్ళు దండం పెడతారు. నేను భక్తితో చదువుతున్నాననుకుంటారు. ఔననీ అనలేను, కాదనీ అనలేను.

శాంతిప్రియకి ఇంకా చెప్పలేదు. చెబుతాను. నోటితోనే చెబుతాను.

నా ఉత్తరాలు బియ్యం డబ్బాలోంచి తీసి, మంటలో వేసేస్తానన్నావట, ఆయనతో. నామీద ఇష్టంతోనే అన్నావని తెలుసు. వెయ్యకు వదినా. లిప్సాకి చూపించకు, కోడలికి చూపించకు, ఎవరికీ చూపించకు. కానీ ఉంచు. లక్ష్మణుడు బాబు అంటారు, మానేసిన మనిషి మొదట మరిచిపోయేది తను తాగిన సంగతేనట. నేనూ మరిచిపోతాను. ఏడాదికో, పదేళ్ళకో, ఏదో పెళ్ళిలోనో పేరంటంలోనో నీ దగ్గర కూర్చుని, "నాకేమంత అలవాటని వదినా, మోకాళ్ళకి ఒక్క గుక్క" అంటాను. నవ్వుతూ అంటాను. నువ్వు అప్పుడు నమ్ముతావు, ఎందుకంటే నన్ను నమ్మడం నీకు అలవాటు.

అప్పుడు లేచి వెళ్ళి ఈ కాగితాలు తీసుకొచ్చి, నా చేతికి ఇవ్వు. చదవమను. పైకి చదవమను.

జయంతి